నిశానీ పెట్టిన పురాధ్యక్షుడు

విలియం షేక్స్పియరు పేరు వినని కళాశాల విద్యార్థి ఉండడు. ఆయన నాటకాలలో ఒకటో రెండో పాఠ్యాంశాలుగా చదివి, పరీక్ష వ్రాసి, కథలను మరచిపోయినవారు సైతం ఆ పేరును మరచిపోరు. అయితే ఆ మహాకవిని కన్న తండ్రిని గురించి మనలో ఆలోచించేవారు అరుదు. ఆయన పేరు జాన్ షేక్స్పియరు. వృత్తి చేతొడుగులు కుట్టడం. ఆయన స్వహస్తంతో పేరు వ్రాసిన కాగితం ఒక్కటైనా నేటికి లభించలేదు. సంతకం చేయవలసిన చోట ఆయన పెట్టినది నిశానీయే. ఆ నిశానీ పెట్టిన చేతులే ఒక పట్టణపు జమాఖర్చులను ఏండ్ల తరబడి నడిపాయి. ఆయనే ఒకనాడు ఆ పట్టణానికి అధ్యక్షుడు కూడా అయ్యాడు. ఆయన జీవితాన్ని మనకు దాచిపెట్టినవి కావ్యాలు కావు, పురపాలక సంఘపు లెక్కల పుస్తకాలు, సమావేశాల దస్త్రాలు.

స్ట్రాట్‌ఫర్డ్ ఇంగ్లండు నడిభాగంలో, వార్విక్‌షైర్ సీమలో, ఏవన్ నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. పదహారవ శతాబ్దపు మధ్యకాలంలో అక్కడి జనాభా సుమారు 2,000. గురువారంనాడు సంత జరిగేది. నదిమీద 14 కమానుల రాతివంతెన ఉండేది. చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చే ధాన్యం, పశువులు, తోళ్ళు, ఉన్ని ఆ ఊరికి బ్రతుకుతెరువు. పూర్వం హోలీ క్రాస్ గిల్డ్ అనే ధార్మిక సంఘం అక్కడి బడిని, బీదల వసతిగృహాలను పోషించేది. మత సంస్కరణల కాలంలో, 1547లో, ప్రభుత్వం ఆ సంఘాన్ని రద్దుచేసింది. తరువాత 1553లో బాలరాజైన ఆరవ ఎడ్వర్డు ఇచ్చిన సన్నదుతో పురపాలక సంఘం ఏర్పడింది. ఆల్డర్మన్లు అనే పెద్దలు 14 మంది, బర్జెస్సులు అనే సభ్యులు 14 మంది. ఏటేటా తమలో ఒకరిని బెయిలిఫ్‌గా, అనగా పురాధ్యక్షునిగా, ఎన్నుకొనేవారు.

ఈ సంఘం ముందుకు వచ్చిన వ్యవహారాలు ఎటువంటివి? ఎవరి మురుగుకాలువ నిండి వీధిలోకి పొరలింది, ఎవరి పంది ఊరిమీద పడి తిరుగుతున్నది, ఏ రొట్టెలవాడు తూకం తగ్గించాడు, వంతెన మరమ్మతుకు ఎంత ఖర్చయింది, బడిపంతులు జీతం చెల్లిందా లేదా - ఇటువంటివే. వీటిని తీర్చినవారు కూడా పండితులు కారు. కసాయి, బట్టల వర్తకుడు, రొట్టెల వ్యాపారి, తోలు పనివాడు వంటి వృత్తిదారులే సభ్యులు. పగలు తమ అంగడిలో కూర్చుండేవారు, కబురు వచ్చినప్పుడు సభకు వెళ్ళేవారు.

జాన్ ఆ ఊరివాడు కాడు. సుమారు నాలుగు మైళ్ళ దూరాన ఉన్న స్నిటర్‌ఫీల్డ్ గ్రామంలో, 1530 ప్రాంతాన, రిచర్డ్ అనే కౌలురైతు ఇంట పుట్టాడు. సేద్యం విడిచి పట్టణం చేరి తోలు పని నేర్చాడు. జింక, మేక, గొర్రె తోళ్ళను పటికతోను ఉప్పుతోను శుద్ధిచేసి, తెల్లగా మెత్తగా తయారుచేసి, చేతొడుగులు కుట్టడం ఆ వృత్తి. చేయి చక్కగా తిరిగినవానికి మంచి ఆదాయం వచ్చేది.

పట్టణపు దస్త్రాలలో ఆయన మొదటిసారి కనిపించేది జరిమానా కట్టవలసిన ముద్దాయిగా. 1552 ఏప్రిల్‌లో, హెన్లీ వీధిలో అనుమతి లేనిచోట పెంటకుప్ప వేసినందుకు, మరి ఇద్దరితోపాటు ఆయనకు ఒక షిల్లింగు, అనగా 12 పెన్నీలు, జరిమానా పడింది. ఆ ఇద్దరిలో ఒకడైన ఏడ్రియన్ క్వైనీ తరువాతి కాలంలో పురాధ్యక్షుడయ్యాడు! మురుగుకాలువ శుభ్రపరచనందుకు జాన్ మరొకసారి కూడా జరిమానాకు గురైనాడు. ఆ పట్టికలో అప్పటి పురాధ్యక్షుని పేరు కూడా ఉన్నది. పెద్దల పేర్లను విడిచిపెట్టని ఆ దస్త్రాలను చూస్తే ఆ చిన్న సంఘంమీద మనకు గౌరవం కలుగుతుంది.

వీధిలో పెంట వేసిన ఆ యువకునికే ఊరు క్రమక్రమంగా బాధ్యతలు అప్పగించింది. 1556లో బీరు, రొట్టెల తనిఖీదారుగా నియమించింది. అంగళ్ళు తిరిగి సరకు నాణ్యాన్ని, తూకాన్ని, ధరను పరీక్షించడం ఆ ఉద్యోగం. ఆ యేడే ఆయన హెన్లీ వీధిలో ఒక ఇల్లు, గ్రీన్‌హిల్ వీధిలో మరొకటి కొన్నాడు. తరువాత తన తండ్రికి భూస్వామి అయిన రాబర్ట్ ఆర్డెన్ కుమార్తె మేరీని పెండ్లాడాడు. కౌలుదారు కొడుకు భూస్వామి అల్లుడైనాడు. 1558లో శాంతిభద్రతలు చూచే కాన్‌స్టేబులు, 1559లో జరిమానాల మొత్తాన్ని నిర్ణయించే అధికారి అయ్యాడు. కాన్‌స్టేబులు పదవి జీతంలేని చాకిరి. తగవులాడే త్రాగుబోతులను విడదీయడం, రాత్రి కావలివారిని పురమాయించడం వంటి పనులు దానిలో ఉండేవి. మచ్ అడో అబౌట్ నథింగ్ నాటకంలో డాగ్‌బెరీ అనే కాన్‌స్టేబులును సృష్టించి లోకాన్ని నవ్వించిన కవి ఇంట ఆ ఉద్యోగం తెలియనిది కాదు.

1561లో ఆయనను చేంబర్లేన్‌గా, అనగా కోశాధికారిగా, ఎన్నుకొన్నారు. పట్టణపు ఆస్తుల అద్దెలు వసూలుచేయడం, మరమ్మతులు చేయించడం, ప్రతి పెన్నీకి లెక్క అప్పజెప్పడం ఆ పదవి ధర్మం. గడువు తీరిన తరువాత కూడా సంఘం ఆ లెక్కలను ఆయన చేతనే అప్పజెప్పించుకొన్నది. అక్షరం వ్రాయని మనిషికి ఖజానా అప్పగించడమేమిటని మనకు ఆశ్చర్యం కలుగవచ్చును. ఆ కాలంలో వ్రాత వేరు, లెక్క వేరు. పద్దులు గుమాస్తా వ్రాసేవాడు. జాన్ చదువగలిగి ఉండవచ్చునని కూడా కొందరు పండితుల అభిప్రాయం. ఆయన పెట్టిన నిశానీలలో ఒకటి చేతొడుగులవారు వాడే కంపాసు బొమ్మ. తన పనిముట్టునే ఆయన తన పేరుగా చేసుకొన్నాడు.

1564 జనవరిలో ఆయన సమర్పించిన లెక్కలలో, గిల్డ్ ప్రార్థనాలయపు బొమ్మలను చెరిపించినందుకు 2 షిల్లింగుల ఖర్చు ఉన్నది. పాత మతాచారాలకు సంబంధించిన చిత్రాలు ఉండరాదని రాజాజ్ఞ. తరతరాలుగా ఊరివారు చూచి మ్రొక్కిన ఆ గోడలమీది చిత్రాలను సున్నంతో కప్పారు. సున్నం పొరల అడుగున దాగిన ఆ చిత్రాలు 1804లో మళ్ళీ వెలుగుచూచాయి. ప్రభువులు మతం మార్చినప్పుడల్లా దాని భారం చివరకు ఇటువంటి చిన్న ఊళ్ళ కోశాధికారుల పద్దులలోకి దిగివస్తుంది. ఆ పద్దు చెప్పేటప్పుడు జాన్ మనస్సులో ఏమున్నదో ఏ దస్త్రమూ చెప్పదు.

ఆ యేడాది ఏప్రిల్ 26న ఆయన కుమారుడు విలియంకు నామకరణం జరిగింది. అంతకుముందు పుట్టిన ఇద్దరు ఆడపిల్లలూ పసితనంలోనే పోయారు. బిడ్డకు మూడు నెలలు నిండకముందే జూలైలో ఊరిలో ప్లేగు పుట్టింది. ఆ ఆరు నెలలలో 200 మందికి పైగా చనిపోయారు. శక్తి ఉన్నవారు ఊరు విడిచి వెళ్ళగలిగిన కాలమది. ఆగస్టు 30న పురపాలక సంఘం సమావేశమైంది. మూసిన గదిలో కూర్చుంటే అంటు సోకుతుందని గిల్డ్ తోటలో, ఆరుబయట కూర్చున్నారు. రోగులకు, బీదలకు చందాలు వేసుకొన్నారు. జాన్ 12 పెన్నీలు ఇచ్చాడు, తరువాతి వారాలలో మళ్ళీ ఇచ్చాడు. ఇంట్లో పొత్తిళ్ళ బిడ్డను పెట్టుకొని ఆ తండ్రి తోటలో ఊరిలెక్క చూచాడు.

1565లో ఆయన ఆల్డర్మన్ అయ్యాడు. తోటిసభ్యులను నిందించినందుకు సంఘం వెలివేసిన ఒక పెద్దమనిషి స్థానం ఆయనకు లభించింది. 1568 సెప్టెంబరులో ఏడాది కాలానికి పురాధ్యక్షునిగా ఎన్నికైనాడు. పురన్యాయస్థానంలో తీర్పరి ఆయనే, సంతకు అధికారి ఆయనే, రొట్టెకు బీరుకు ధర నిర్ణయించేది ఆయనే. బయటికి వెళ్ళేటప్పుడు దండధారులైన భటులు ముందు నడిచేవారు. ఆయన ఏలుబడిలోనే రెండు నాటక సమాజాలు ఊరికి వచ్చాయి. పురపాలక నిధినుండి రాణిగారి సమాజానికి 9 షిల్లింగులు, వుర్‌స్టర్ ప్రభువు సమాజానికి ఒక షిల్లింగు ఇచ్చినట్లు లెక్కలలో ఉన్నది. పట్టణం నటులకు సొమ్ము ఇచ్చినట్లు తెలియవచ్చే మొదటి పద్దు అదే. అప్పటికి విలియంకు అయిదేండ్లు. తండ్రి ప్రక్కన కూర్చుండి ఆ ఆట చూచాడో లేదో మనకు తెలియదు. చూచి ఉంటాడని ఊహించుకోవడం మాత్రం మనస్సుకు ఇంపుగా ఉంటుంది.

ఇంతకంటె ముఖ్యమైన పద్దు మరొకటి ఉన్నది. అది బడిపంతులు జీతం. ఏటికి 20 పౌనులు, ఉండడానికి ఇల్లు ఇవ్వవలెనని 1553 సన్నదులోనే ఉన్నది. ఆనాటి ఇంగ్లండులో చాలా బడులు ఇవ్వలేని జీతం అది. దానివల్లనే ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన పండితులు ఆ మారుమూల పట్టణానికి వచ్చి పాఠం చెప్పారు. పురవాసుల కుమారులకు ఫీజు లేదు. గిల్డ్ హాలు క్రింది భాగంలో సంఘం సమావేశమయ్యేది; పై అంతస్తులో పిల్లలు లాటిను వల్లించేవారు. ఆ బడి హాజరు పట్టీలు మిగలలేదు గాని, విలియం చదివినది అక్కడనేనని పండితులు అంగీకరిస్తున్నారు. ఆయన విశ్వవిద్యాలయం గడప త్రొక్కలేదు. ఓవిడ్ కావ్యాలతోను, ప్లాటస్ నాటకాలతోను ఆయనకు కలిగిన పరిచయమంతా ఆ పై గదిలో వేసిన బీజమే. నిశానీ పెట్టే తండ్రులు క్రింద కూర్చుండి పెన్నీలు కూడబెట్టి ఇచ్చిన జీతంతో ఆ బీజం మొలిచింది.

1571లో జాన్ ప్రధాన ఆల్డర్మన్‌గా ఉండి, మరుసటి యేడు ఊరి పనిమీద పాతమిత్రుడు క్వైనీతో కలిసి లండను వెళ్ళాడు. ఆయన కీర్తి పరాకాష్ఠనందుకొన్న కాలం అదే. అప్పటికే చిక్కులు మొదలైనాయి. చట్టానికి మించిన వడ్డీ పుచ్చుకొన్నాడని 1570లోను, అనుమతి లేకుండా ఉన్ని బేరం చేశాడని 1572లోను ఆయనపై అభియోగాలు వచ్చాయి. ఒక వడ్డీ వ్యవహారంలో జరిమానా కూడా కట్టాడు. ఆయనను మచ్చలేని మహాత్మునిగా చిత్రించడం మన ఉద్దేశం కాదు. 1576 చివరినుండి ఆయన సభలకు రావడం మానివేశాడు. వ్యాపారం దెబ్బతిన్నదని కొందరు, పాతమతంమీది మమకారం కారణమని కొందరు అంటారు. ఈ విషయమై నేటికీ ఏకాభిప్రాయం లేదు. అప్పులు పెరిగిన మాట మాత్రం నిజం. 1578లో భార్య పుట్టింటినుండి తెచ్చిన విల్మ్‌కోట్ భూమిని, ఇంటిని 40 పౌనులకు తాకట్టు పెట్టాడు. అది మరల చేతికి రాలేదు.

ఈ సమయంలో తోటిసభ్యులు ప్రవర్తించిన తీరు మనం మరువరానిది. 1578 జనవరిలో సైనికుల సామగ్రికై ఆల్డర్మన్లు తలకు 6 షిల్లింగుల 8 పెన్నీలు ఇవ్వవలెనని నిర్ణయించినప్పుడు జాన్ వంతు సగానికి తగ్గించారు. నవంబరులో బీదల సహాయానికి ఒక్కొక్కరు వారానికి 4 పెన్నీలు ఇవ్వవలసివచ్చినప్పుడు ఆయనను పూర్తిగా మినహాయించారు. 1579 ఏప్రిల్‌లో ఆయన కూతురు ఆన్ ఏడేండ్ల ప్రాయంలో చనిపోయింది. ఆ బిడ్డకోసం గంట మ్రోగించడానికి, శవపేటికమీద వస్త్రం కప్పడానికి 8 పెన్నీలు ముట్టినట్లు పట్టణపు లెక్కలలో ఉన్నది. వారానికి 4 పెన్నీలు ఇచ్చుకోలేనివాడని సంఘం మన్నించిన తండ్రి ఆ 8 పెన్నీలు ఇచ్చుకొన్నాడు.

సుమారు పదేండ్లపాటు ఆయన సభకు రాలేదు. నడుమ ఒక్కసారి, 1582లో, మిత్రునికి ఓటు వేయడానికి మాత్రం వచ్చాడు. పదవి తీసివేయడానికి నిబంధన ఉన్నది. తీసివేయలేదు. పేరు పట్టికలో అలాగే ఉంచారు. చివరకు 1586 సెప్టెంబరు 6న, పిలిచినా రావడంలేదు గనుక ఆయన స్థానంలో మరొకరిని ఎన్నుకొన్నారు. ఆ నిర్ణయంలో ఒక్క నిందావాక్యం లేదు. చట్టాన్ని విడిచిపెట్టకుండానే మనిషిని కూడా విడిచిపెట్టకుండా ఉండడం ఎలాగో ఆ కసాయి, రొట్టెల వర్తకుల సంఘానికి తెలుసు.

తరువాతి కథ కొంత లోకవిదితమే. లండనులో కొడుకు పేరు ప్రతిష్ఠలు సంపాదించాడు. 1596 ఆగస్టులో పదకొండేండ్ల మనుమడు హామ్నెట్ మరణించాడు. ఆ అక్టోబరులోనే జాన్‌కు వంశచిహ్నం ధరించే గౌరవం లభించింది. 1597లో కొడుకు ఊరిలో పెద్ద భవంతి కొన్నాడు. 1601లో పట్టణపు హక్కుల విషయమై భూస్వామి సర్ ఎడ్వర్డ్ గ్రెవిల్‌తో పురపాలక సంఘానికి వివాదం వచ్చింది. పాత ఆనవాయితీలు ఎరిగిన వృద్ధుల పట్టిక తయారుచేసినప్పుడు అందులో జాన్ షేక్స్పియరు పేరు చేర్చారు. పదిహేనేండ్ల క్రితం పట్టికనుండి తొలగించిన పేరునే ఊరు తన అవసరానికి మళ్ళీ తలచుకొన్నది. ఆ యేడు సెప్టెంబరు 8న ఆయనను హోలీ ట్రినిటీ చర్చి ఆవరణలో ఖననం చేశారు. సమాధి ఎక్కడున్నదో తెలిపే రాయి లేదు.

మన కళాశాల ప్రవేశపత్రాలలో తండ్రి సంతకం ఉండవలసిన గడిలో ఏటా కొన్ని వేలిముద్రలు కనిపిస్తూ ఉంటాయి. తోలు పనివారివి, దర్జీలవి, బీడీ కార్మికులవి. కొందరు విద్యార్థులు ఆ గడిని బొటనవ్రేలితో కప్పి కాగితం అందించడం నేను చూచాను. వారికి ఆ సమయంలో ఏమి చెప్పాలో నాకు తోచలేదు. ఈ కథ చెప్పవలసిందని తరువాత అనిపించింది. ఆ ముద్ర వేసిన మనిషి తన వీధి కాలువకోసం పురపాలక కార్యాలయం మెట్లెక్కి ఉండవచ్చును, మసీదు లెక్కలు పైసా తప్పకుండా చెప్పి ఉండవచ్చును, బడికి చందా ఇచ్చి ఉండవచ్చును. అవి వ్రాసిన పుస్తకం లేకపోవడం ఆయన లోపం కాదు. స్ట్రాట్‌ఫర్డ్ గుమాస్తా ఓపికతో వ్రాసిపెట్టాడు గనుక ఒక తండ్రి కథ నాలుగు వందల ఏండ్ల తరువాత మనకు దక్కింది. మన తండ్రుల కథ వ్రాయవలసిన గుమాస్తాలు వారు చదివించిన ఈ పిల్లలే.