జాన్ బుగాటి: ముప్పై ఏళ్ల జీవితం, ఇంకా దొరకని నల్ల కారు

సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు మన దగ్గర ముందు ఆర్సీ చూస్తారు. అందులో ఉన్న చాసిస్ నంబర్, బండి మీద కొట్టిన నంబర్ ఒకటేనా కాదా అని సరిచూసుకుంటారు. ప్లాటు కొంటే లింక్ డాక్యుమెంట్లు అడుగుతారు. కోట్ల డాలర్లు పలికే పాత స్పోర్ట్స్ కార్లకు కూడా పరీక్ష ఇదే. ఆ లెక్కన ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా వెతుకుతున్న కారు ఒకటుంది. దాని నంబర్ 57453. రూపకర్త పేరు జాన్ బుగాటి.

జాన్ 1909 జనవరి 15న జర్మనీలోని కొలోన్ నగరంలో పుట్టారు. తండ్రి ఎట్టోరే బుగాటిది ఇటలీలోని మిలాన్. కొడుకు పుట్టిన ఏడాదే ఆయన అల్సాస్ ప్రాంతంలోని మోల్సైమ్ అనే చిన్న ఊళ్లో సొంత కార్ల ఫ్యాక్టరీ మొదలుపెట్టారు. అప్పట్లో అల్సాస్ జర్మనీలో ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌లో కలిసింది. జాన్ తాత కార్లో పేరున్న ఫర్నిచర్ డిజైనర్. బాబాయి రెంబ్రాంట్ జంతువుల శిల్పాలకు ప్రసిద్ధి. ఇలా ఇంట్లో కళ, ఇంటి పక్కనే ఫ్యాక్టరీ. ఆ రెండింటి మధ్యే జాన్ పెరిగారు.

1932లో రోయాల్ అనే భారీ కారుకు ఆయన ఒక ఓపెన్ బాడీ గీశారు. అప్పటికి ఆయన వయసు 23. కొన్న వస్త్ర వ్యాపారి అర్మాండ్ ఎస్డర్స్ రాత్రిపూట బండి నడపరు కాబట్టి ఆ కారుకు హెడ్‌లైట్లే పెట్టలేదు. 1934లో వచ్చిన టైప్ 57 మోడల్ చాలావరకు జాన్ పనే. ఈ మోడల్‌లో ఏడు వందలకు పైగా కార్లు తయారయ్యాయి. 1936లో ఫ్రాన్స్ అంతటా సమ్మెలు జరిగాయి. సొంత కార్మికులూ పని ఆపేసరికి ఎట్టోరే మనసు విరిగి పారిస్ వెళ్లిపోయారు. ఫ్యాక్టరీ బాధ్యత 27 ఏళ్ల జాన్ మీద పడింది.

అదే ఏడాది ఆయన రూపొందించిన అట్లాంటిక్ కార్లు రోడ్డెక్కాయి. నీటిబొట్టులాంటి ఆకారం, ముందు నుంచి వెనక్కి వెన్నెముకలా సాగే రివెట్ల వరుస, ఎనిమిది సిలిండర్ల ఇంజిన్, గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగం. మొత్తం తయారైనవి నాలుగే.

అందులో మూడు కస్టమర్లకు వెళ్లాయి. 57374 నంబర్ కారు 1936లో లండన్‌లోని విక్టర్ రోత్‌షీల్డ్ చేతికి వెళ్లింది. 1938లో ఇంగ్లండ్‌కు చేరిన 57591 ఇప్పుడు ఫ్యాషన్ డిజైనర్ రాల్ఫ్ లారెన్ దగ్గరుంది. ఈ రెండూ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారాయో వరుసగా చెప్పవచ్చు. అందుకే వాటిని ఎవరూ శంకించరు. ఫ్రాన్స్‌లో అమ్మిన 57473ని మాత్రం 1955లో లెవెల్ క్రాసింగ్ దగ్గర రైలు ఢీకొట్టింది. ఏళ్ల తర్వాత ఆ శిథిలాల నుంచే కారును మళ్లీ నిలబెట్టారు. చరిత్ర తెలిసిన కారే. కానీ అందులో పాతదెంత, కొత్తదెంత అన్న ప్రశ్న దాన్ని వదల్లేదు.

నాలుగోది 57453, నల్ల రంగు కారు. దాన్ని బయట కస్టమర్‌కు అమ్మలేదు. జాన్ స్వయంగా నడిపేవారు. కంపెనీ బ్రోచర్ల ఫొటోలకూ, 1937లో నీస్, లియోన్ ప్రదర్శనలకూ వాడారు. అమ్మితే రసీదు ఉండేది, కొన్నవాళ్ల పేరు ఉండేది. సొంతవాడకపు బండికి ఆ కాగితాలు ఎక్కడివి? ఇప్పటి చిక్కంతా ఇదే.

జాన్‌ను రేసుల్లో పాల్గొనవద్దని తండ్రి కట్టడి చేశారు. అయినా కార్లను పరీక్షించే పని ఆయన మానలేదు. 1939 ఆగస్టు 11 రాత్రి, ఆ ఏడాది లెమాన్స్ 24 గంటల రేసు గెలిచిన కారును మోల్సైమ్ దగ్గరి రోడ్డు మీద నడుపుతున్నారు. పరీక్ష కోసం మూసిన ఆ దారిలోకి ఒక సైకిలిస్టు వచ్చాడు. అతన్ని తప్పించబోయి కారు చెట్టును ఢీకొంది. జాన్ మరణించారు. మూడు వారాల్లోనే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది.

జర్మన్ సేనలు అల్సాస్‌ను ఆక్రమించాయి. బోర్డో నగరానికి రైల్లో పంపిన కార్ల జాబితాలో నల్ల కారు ప్రస్తావన కనిపిస్తుంది. ఆ తర్వాత జాడ లేదు. అడగడానికి జాన్ లేరు. ఎట్టోరే కూడా 1947లో చనిపోయారు.

ఈ కారు దొరికితే విలువ పది కోట్ల యూరోలు దాటుతుందని బుగాటి కంపెనీ అంచనా. ఇంత డబ్బున్న చోట నకలు తయారవ్వడం వింత కాదు. చెయ్యి తిరిగిన పనివాళ్లు ఫొటోలు చూసి అచ్చం అలాంటి బాడీ కొట్టగలరు. కాబట్టి నిపుణులు ఆకారం చూసి నమ్మరు. ఫ్రేమ్, ఇంజిన్, గేర్‌బాక్స్, వెనుక యాక్సిల్ మీద కొట్టిన నంబర్లను ఫ్యాక్టరీ రికార్డులతో పోలుస్తారు. లోహం ఆ కాలానిదేనా, అంకెల అచ్చు మోల్సైమ్‌దేనా అని చూస్తారు. పాత ఫొటోలు, రిజిస్ట్రేషన్, చేతులు మారిన కాగితాలు ఒక్కొక్కటీ అడుగుతారు. మధ్యలో ఒక్క లింకు తెగినా ధర పడిపోతుంది.

2019లో బుగాటి కంపెనీ ఆ నల్ల కారు పేరుతోనే ఒక కొత్త కారు చేసింది. పన్నులు కాకుండానే ధర కోటీ 10 లక్షల యూరోలు. అది జాన్‌కు గౌరవంగా చేసిన కారే తప్ప 57453 కాదు. రేపు ఏ గోదాములోనైనా అసలుది బయటపడినా, తెచ్చినవాళ్లు బోర్డో రైలు దగ్గర నుంచి ఇవాళ్టి దాకా ఎవరెవరి దగ్గర ఉందో చూపించాల్సిందే.