సర్పికి మందు తెచ్చిన గెర్ట్రూడ్ ఎలియన్

మన నల్లగొండ, పాలమూరు ఊళ్లలో పెద్దవాళ్లకు సర్పి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. నడుముకో, ఛాతికో ఒకే పక్కన పట్టీలాగా నీటిపొక్కులు లేస్తాయి. నిప్పు పెట్టినట్టు ఒకటే మంట. పాము చుట్టుకొస్తున్నట్టు కనబడుతుంది కాబట్టి, రెండు కొసలు కలిస్తే మనిషి దక్కడని ఒక భయం. అందుకని జాజు పూస్తారు, మంత్రం వేయిస్తారు.

డాక్టర్లు దీన్ని హెర్పిస్ జోస్టర్ అంటారు. చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చిపోయిన వైరస్సే నరాల మొదళ్లలో దాక్కొని ఉంటుంది. వయసు మీదపడి ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు మళ్లీ లేస్తుంది. పెదవి మీద పొక్కులు లేపే హెర్పిస్ సింప్లెక్స్ దీని దగ్గరి చుట్టమే. ఈ రెండింటికీ ఇవాళ ప్రతి మెడికల్ షాపులో దొరికే మాత్ర అసైక్లోవిర్. దాని వెనక ఒక మనిషి జీవితం ఉంది మిత్రులారా. పేరు గెర్ట్రూడ్ ఎలియన్.

ఆమె 1918 జనవరి 23న న్యూయార్క్‌లో పుట్టింది. తల్లిదండ్రులు తూర్పు యూరప్ నుంచి బతుకుదెరువుకు వచ్చినవాళ్లు. తండ్రి పళ్ల డాక్టరు. పదిహేనేళ్ల వయసులో, ఎంతో ఇష్టమైన తాతయ్య కడుపు క్యాన్సర్‌తో బాధపడి చనిపోవడం చూసింది. ఆ జబ్బుకు మందు కనిపెట్టాలని అప్పుడే గట్టిగా అనుకుంది. 1929 ఆర్థిక సంక్షోభంలో తండ్రి డబ్బంతా పోయింది. ఫీజు లేని హంటర్ కాలేజీలో సీటు రాబట్టి చదువు సాగింది. 1937లో కెమిస్ట్రీ డిగ్రీ మంచి మార్కులతో పూర్తిచేసింది.

అసలు కష్టం అక్కడి నుంచి మొదలైంది. పై చదువుకు సాయం కోసం పదిహేను చోట్ల అప్లై చేస్తే ఒక్కచోటా దొరకలేదు. ఒక ఇంటర్వ్యూలోనైతే, ల్యాబ్‌లో ఆడపిల్ల ఉంటే మగవాళ్ల ధ్యాస చెదురుతుందని తిప్పి పంపారు. కొన్నాళ్లు జీతం లేకుండా ఒక ల్యాబ్‌లో పనిచేసింది. తర్వాత వచ్చిన కొద్దిపాటి జీతం కూడబెట్టి న్యూయార్క్ యూనివర్సిటీలో చేరింది. పగలు స్కూల్లో పాఠాలు చెప్పి, రాత్రులూ సెలవులూ ప్రయోగాలు చేసి 1941లో ఎమ్మెస్సీ సాధించింది.

అదే ఏడు ఆమె పెళ్లి చేసుకోవాలనుకున్న అబ్బాయి గుండె కవాటాలకు బ్యాక్టీరియా సోకి చనిపోయాడు. మరి కొన్నేళ్లకే పెన్సిలిన్ అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆ మందు ముందే వచ్చుంటే అతను బతికేవాడు. ఆమె ఇక పెళ్లే చేసుకోలేదు.

యుద్ధం మొదలై మగవాళ్లు సైన్యానికి పోయాక ల్యాబుల్లో ఖాళీలు ఏర్పడ్డాయి. మొదట దొరికిన పని క్వాలిటీ కంట్రోల్: పచ్చళ్ల పులుపు కొలవడం, మయొనీజ్ రంగు చూడటం. నేర్చుకోవాల్సింది అయిపోగానే మానేసి, 1944లో బరోస్ వెల్కమ్ మందుల కంపెనీలో జార్జ్ హిచింగ్స్ దగ్గర చేరింది.

ఇక్కడ మన తెలుగువాడి ప్రస్తావన రావాలి. హిచింగ్స్ హార్వర్డ్‌లో చదువుకున్నప్పుడు సైరస్ ఫిస్క్ ల్యాబ్‌లోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పనిచేస్తున్నారు. డీఎన్‌ఏకు ఇటుకల్లాంటి న్యూక్లియోటైడ్ల మీద సుబ్బారావు చేసిన పని కొంత వెలుగు చూడకుండా ఆగిపోయిందనీ, దాన్ని ఇతరులు మళ్లీ కనిపెట్టాల్సి వచ్చిందనీ హిచింగ్స్ తర్వాత చెప్పారు. అవే ఇటుకలు హిచింగ్స్, ఎలియన్‌ల జీవితకాలపు పని అయ్యాయి.

వాళ్ల ఆలోచన సింపుల్. కణం పెరగాలంటే డీఎన్‌ఏ కట్టుకోవాలి. అసలు ఇటుకలా కనబడే నకిలీ ఇటుక అందిస్తే కట్టడం ఆగిపోతుంది. ఈ దారిలోనే ఎలియన్ తయారుచేసిన 6-మెర్కాప్టోప్యూరిన్ 1953 నుంచి పిల్లల రక్త క్యాన్సర్‌కు మందైంది. మార్చిన కిడ్నీని శరీరం తోసెయ్యకుండా ఆపే అజథయోప్రిన్ కూడా ఆ వరసలోదే. ఈలోపు సాయంత్రాలు పీహెచ్‌డీ చదువుతుంటే, ఉద్యోగం మానేసి పూర్తిగా ఇక్కడే ఉండాలని కాలేజీ పట్టుబట్టింది. ఆమె పీహెచ్‌డీనే వదులుకుంది.

1948లోనే ఆమె పరీక్షించిన ఒక నకిలీ ఇటుక వైరస్‌లను ఆపింది. కానీ అది మనిషి కణాలకూ విషమే. వైరస్ మన కణంలో దూరి మన సామానుతోనే బతుకుతుంది కదా, దాన్ని కొడితే దెబ్బ మనకూ తగులుతుంది. అప్పటికి పక్కన పెట్టిన ఆ సమస్యను ఇరవై ఏళ్ల తర్వాత, 1968లో మళ్లీ చేతిలోకి తీసుకుంది. ఆమె సహచరుడు హోవార్డ్ షేఫర్, చక్కెర వలయంలో కొంత భాగం లేని ఒక నకిలీ గ్వానోసిన్ తయారుచేశాడు. అదే అసైక్లోవిర్. అది ఎలా పనిచేస్తుందో ఎలియన్ బృందం విప్పి చూపింది.

మామూలు కణంలో ఆ మందు దాదాపు ఊరికే పడుంటుంది. హెర్పిస్ సోకిన కణంలో మాత్రం వైరస్ సొంత ఎంజైమ్ దానికి మొదటి ఫాస్ఫేట్ తగిలించి మేల్కొలుపుతుంది. దొంగే తన చేతికి బేడీలు వేసుకున్నట్టన్నమాట. మిగతా రెండు ఫాస్ఫేట్లు కలిశాక అది వైరస్ డీఎన్‌ఏలో చేరుతుంది. వెనక కప్లింగ్ లేని బోగీని రైలుకు తగిలిస్తే ఇంకో బోగీ ఎలా తగలదో, అక్కడితో ఆ గొలుసు ఆగిపోతుంది.

మొదట పూతమందుగా, ఇంజెక్షన్‌గా వచ్చింది. అమెరికాలో 1985లో మాత్రగా అనుమతి దొరికింది. మింగినదాంట్లో పావు వంతు కూడా సరిగా ఒంటికి పట్టదు, అందుకే సర్పికి పెద్దలకు 800 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు ఐదుసార్లు రాస్తారు. దానికి వాలీన్ అనే అమైనో ఆమ్లం జోడించిన వాలసైక్లోవిర్ 1995లో వచ్చాక రోజుకు మూడుసార్లు సరిపోతోంది.

1988లో ఎలియన్‌కు హిచింగ్స్, జేమ్స్ బ్లాక్‌లతో కలిపి వైద్యంలో నోబెల్ వచ్చింది. పీహెచ్‌డీ లేదు. తర్వాత యూనివర్సిటీలే గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. 1999 ఫిబ్రవరి 21న ఆమె కన్నుమూసింది.

జడ్చర్ల పక్క పోలేపల్లిలోనో, చౌటుప్పల్ వైపో మందుల కంపెనీలో క్యూసీ జాబ్ వస్తే చిన్నబుచ్చుకునే మన ఫ్రెండ్స్‌కు ఆ పచ్చళ్ల పులుపు కొలిచిన అమ్మాయి గుర్తుండాలి.

ఇంకో సంగతి. ఈ మాత్ర నరాల్లో నిద్రపోయే వైరస్‌ను చంపలేదు, లేచి పెరుగుతున్నదాన్నే ఆపుతుంది. అందుకే పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితేనే మేలు ఎక్కువ. ఆలస్యమైతే, కంటి దగ్గర లేస్తే చూపుకే ముప్పు రావచ్చు. పొక్కులు మానినా కొందరికి నెలల తరబడి నరాల నొప్పి మిగులుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు డోసు తగ్గించాలి, కాబట్టి సొంతంగా కొని మింగొద్దు. మందు రాకముందే తనవాళ్లను పోగొట్టుకున్న మనిషి చేసిన మందు ఇది. ఇంట్లో నాయనమ్మకో అమ్మమ్మకో సర్పి లేచిందని ఫోన్ వస్తే, జాజు సంగతి తర్వాత, ఆ రోజే దవాఖానకు తీసుకుపొమ్మని చెప్పండి.