నీటిలో కాంతి స్లో అవుతుంది.. మరి కాలం కూడానా? ఆ గుట్టుకు దారి చూపిన ఫిజో కథ ఇదే!

మీరు ఫోన్‌లో చూసే వీడియో మీ దాకా వచ్చే దారిలో చాలా భాగం గాజు తీగల్లో, కాంతి రూపంలోనే ప్రయాణిస్తుంది. శూన్యంలో సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తే కాంతి, ఆ ఫైబర్ కేబుల్‌లోకి రాగానే దాదాపు 2 లక్షలకు తగ్గిపోతుంది. నీటిలో అయితే 2.25 లక్షల కిలోమీటర్లు. ఇక్కడే చాలామందికి ఓ డౌట్ వస్తుంది. వేగంగా వెళ్తే కాలం నెమ్మదిస్తుందని ఐన్‌స్టీన్ చెప్పారు కదా.. మరి కాంతే స్లో అయిన చోట కాలం లెక్క కూడా మారిపోతుందా? దీనికి జవాబు తెలియాలంటే, ఐన్‌స్టీన్ పుట్టడానికి 28 ఏళ్ల ముందే పారే నీటిలోకి కాంతిని పంపి చూసిన ఓ ఫ్రెంచ్ శాస్త్రవేత్త గురించి తెలుసుకోవాలి. ఆయనే ఇపొలీత్ ఫిజో.

డాక్టర్ కావాల్సిన కుర్రాడు..

ఫిజో 1819 సెప్టెంబర్ 23న ప్యారిస్‌లో పుట్టారు. తండ్రి మెడికల్ ప్రొఫెసర్. డబ్బుకు లోటు లేని కుటుంబం. కొడుకు కూడా తండ్రి బాటలోనే వైద్యం చదవడం మొదలుపెట్టాడు. కానీ ఆరోగ్యం సహకరించక మధ్యలోనే వదిలేయాల్సి వచ్చింది. ఆ తర్వాత మనసు ఫిజిక్స్ వైపు మళ్లింది. అప్పట్లో కొత్తగా వచ్చిన ఫొటోగ్రఫీ మీద పడ్డారు. మిత్రుడు లియాన్ ఫూకోతో కలిసి 1845లో సూర్యుడి ఫొటో తీశారు.

పళ్ల చక్రంతో కాంతికి చెక్!

1849లో ఫిజో చేసిన పని చూసి శాస్త్రలోకం నోరెళ్లబెట్టింది. అప్పటిదాకా కాంతి వేగాన్ని గ్రహాలను, నక్షత్రాలను చూసే లెక్కగట్టేవారు. ఆయన మాత్రం భూమ్మీదే కొలిచేశారు. సురేన్‌లోని తమ ఇంట్లో 720 పళ్లున్న చక్రం పెట్టి, దాని సందుల్లోంచి కాంతిని పంపారు. 8,633 మీటర్ల దూరంలో మోంమార్త్ర గుట్ట మీద అద్దం. కాంతి వెళ్లి తిరిగొచ్చేలోగా చక్రం ఒక్క పన్ను మేర కదిలితే చాలు, దారి మూసుకుపోయి వెలుగు కనిపించదు. సెకనుకు 12.6 చుట్లు తిరిగినప్పుడు సరిగ్గా అదే జరిగింది. లెక్కేస్తే సెకనుకు దాదాపు 3,13,000 కిలోమీటర్లు అని తేలింది. అసలు విలువ కంటే 5 శాతం లోపే ఎక్కువ!

స్నేహితుడే పోటీదారు

ఆ తర్వాత పెద్ద ప్రశ్న ముందుకొచ్చింది. కాంతి కణాలైతే నీటిలో దాని వేగం పెరగాలి. అలలైతే తగ్గాలి. ఏది నిజం? ఒకప్పుడు కలిసి పనిచేసిన ఫిజో, ఫూకో ఇప్పుడు విడివిడిగా రంగంలోకి దిగారు. 1850లో ఫూకోనే ముందుగా తేల్చేశారు. నీటిలో కాంతి నెమ్మదిస్తుందని! కొద్ది వారాల తేడాతో ఫిజో కూడా అదే ఫలితం చూపించారు. కానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

అయినా ఆయన ఆగలేదు. 1851లో అంతకంటే చిత్రమైన ప్రయోగం చేశారు. గొట్టాల్లో సెకనుకు దాదాపు 7 మీటర్ల వేగంతో నీటిని పారించి, అందులోంచి కాంతిని పంపారు. ఒక కిరణం నీటితో పాటు, ఇంకోటి ఎదురుగా. ప్రవాహంతో పాటు వెళ్లే పడవకు ఏటి వేగం మొత్తం కలుస్తుంది కదా? కాంతికి అలా జరగలేదు. నీటి వేగంలో సగం కంటే తక్కువే కలిసింది. 1818లోనే ఫ్రెనెల్ ఇచ్చిన ఫార్ములాకు ఇది సరిపోయింది కానీ.. అసలు ఎందుకలా జరుగుతోంది? దానికి సరైన వివరణ ఎవరి దగ్గరా లేదు.

ఆయన పోయాక దొరికిన జవాబు

1905లో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం వచ్చింది. వేగాలను మామూలుగా కూడితే కుదరదని అది చెప్పింది. 1907లో మ్యాక్స్ ఫాన్ లావె ఆ కొత్త పద్ధతిలో నీటి వేగాన్ని, నీటిలో కాంతి వేగాన్ని కలిపి చూశారు. ఫిజో ఫలితం దానంతట అదే వచ్చేసింది! తన ఆలోచనకు ఫిజో ప్రయోగం బాగా తోడ్పడిందని ఐన్‌స్టీన్ కూడా తర్వాత చెప్పుకొచ్చారు.

ఇక మన డౌట్ సంగతి. ఆ లెక్కలో హద్దుగా ఉండేది శూన్యంలోని కాంతి వేగం మాత్రమే, నీటిలోనిది కాదు. కాలం నెమ్మదించే లెక్క కూడా అంతే. నీటిలో కాంతికి ఉండే వేగంతో, అంటే సెకనుకు 2.25 లక్షల కిలోమీటర్లతో ఓ గడియారం దూసుకెళ్లిందనుకోండి. అది ఆగిపోదు. దాంట్లో ఒక సెకను గడిచేసరికి మనకు సుమారు 1.5 సెకన్లు గడుస్తాయి, అంతే. అణు రియాక్టర్ల నీటిలో కొన్ని ఎలక్ట్రాన్లు అక్కడి కాంతిని కూడా దాటి పరుగెడతాయి. అక్కడ కనిపించే నీలి వెలుగు దాని వల్లే. నీళ్లు, గాజు కాంతిని నెమ్మది చేస్తాయి తప్ప, కాలానికి ఉన్న హద్దును మార్చలేవు.

ఈ జవాబు వినడానికి ఫిజో లేరు. 1896 సెప్టెంబర్ 18న, 77వ పుట్టినరోజుకు ఐదు రోజుల ముందు కన్నుమూశారు. అయితే ఒక గౌరవం మాత్రం కళ్లారా చూశారు. ఈఫిల్ టవర్ మీద చెక్కిన 72 మంది పేర్లలో ఆయన పేరూ ఉంది. 1889లో ఆ టవర్‌ను జనం కోసం తెరిచేనాటికి వాళ్లలో బతికున్నది ఆయనొక్కరే!