కార్నెగీ మహాశయుని విక్రయవివేకము

వ్యాపారమును వృద్ధిచేయుటకు ఉత్సాహము చాలును. దానిని పరులకు విక్రయించుటకు వివేకము కావలయును. ఈ రెండును గలవారిలో ఆండ్రూ కార్నెగీ యగ్రగణ్యుడు.

ఈయన 1835వ సంవత్సరమున స్కాట్లండునందలి డన్‌ఫర్మ్‌లిన్ పట్టణమున నొక నేతగాని యింట జన్మించెను. ఆవిరిమగ్గముల రాకచే చేతిమగ్గములు మూలపడగా, ఆ కుటుంబము 1848లో అమెరికాకు వలసపోయెను. బాలుడు నూలుమిల్లులో కూలికి చేరి, పిమ్మట తంతి కచేరిలోను, రైలు కంపెనీలోను పనిచేసి, క్రమముగా పిట్స్‌బర్గు ప్రాంతపు ఉక్కు కర్మాగారముల కధిపతి యయ్యెను. 1892లో హోమ్‌స్టెడ్ కర్మాగారపు సమ్మెలో పలువురు హతులగుట ఆయన కీర్తికి తీరని కళంకము.

1899లో కొందరు తమ పేరులు వెల్లడింపక, మధ్యవర్తుల ద్వారా ఆయన కంపెనీని బేరమాడిరి. కార్నెగీ తొంబది దినముల గడువు విధించి, పది లక్షల డాలర్లకు మించిన బయానాను ముందుగా గైకొనెను. వారు గడువులోపల సొమ్ము కూర్చలేకపోయిరి. బయానా యాయనకే దక్కెను, కర్మాగారములును చేజారలేదు.

1901లో మోర్గన్ అను ప్రసిద్ధ ధనికుడు పెక్కు ఉక్కు కంపెనీల నేకము చేయ బూనెను. కార్నెగీ కంపెనీకి 1900లో వచ్చిన లాభము 4 కోట్ల డాలర్లు. దానికి పన్నెండు రెట్లు, అనగా 48 కోట్లు, వెలగా నాయన యొక కాగితముపై వ్రాసి పంపగా మోర్గన్ సమ్మతించెను. అయినను వెల కుదిరినంతనే కార్నెగీ తృప్తిపడలేదు. అది యే రూపమున చేతికి వచ్చునో విచారించెను. క్రొత్త సంస్థ వాటాలను నిరాకరించి, తన భాగమునకు నూటికి 5 వడ్డీగల తనఖా బాండులనే పుచ్చుకొనెను. వాటాదారునకు లాభమున్ననే ఫలము. బాండుదారునకు వడ్డీ ముందుగా చెల్లితీరవలయును. 1904లో నూరు డాలర్ల ముఖవిలువగల ఆ సంస్థ సాధారణ వాటా వెల పది డాలర్లకు దిగువకు పడిపోయెను. కార్నెగీ సొమ్ము మాత్రము చెక్కుచెదరలేదు.

ఆ ధనముతోనే యాయన గ్రంథాలయములకు, విద్యాలయములకు విరివిగా దానములు చేసి, 1919లో దివంగతుడయ్యెను. నిబంధనలయందు పొరపడియుండిన, ఆ దానములలో పెక్కింటికి తావుండెడిది కాదు.

కావున వ్యాపారము నమ్మదలచిన సోదరులు అంకెను చూచి మురియక, కొనువాడెవడు, గడువెంత, సొమ్ము నగదో కాగితమో, అతడు తప్పిన తమకు మిగులునదేమి యని విచారించిన పిమ్మటనే వ్రాలు చేయుట శ్రేయస్కరము. వ్రాలు చేసిన వెనుక కలుగు వివేకము పశ్చాత్తాపమునకే గాని ప్రయోజనమునకు రాదు.