నీడను కొలిచిన రాజు

రాజైన ఆహాసు కట్టించిన మెట్లపై నీడ పది మెట్లు వెనుకకు మళ్ళిన సంగతి యెషయా గ్రంథంలో చదివాము. మన దేశంలోనూ నీడను శ్రద్ధగా చదివిన రాజు ఒకరున్నారు. ఆయనే సవాయి జైసింగ్.

1688లో అంబర్ రాజవంశంలో పుట్టిన ఆయన, తండ్రి మరణంతో పదకొండేండ్లకే గద్దెనెక్కారు. మొగలుల కొలువులో యుద్ధాలు చేస్తూనే గణితం, ఖగోళశాస్త్రం అభ్యసించారు. పంచాంగాల లెక్క ఆకాశంతో కలవకపోవడం ఆయనను కలవరపరచింది. చిన్న ఇత్తడి పరికరాలు అరిగి, కదిలి తప్పు చూపుతాయని గ్రహించి, ఢిల్లీ, జైపూరు, ఉజ్జయిని, కాశీ, మథురలలో రాతితో, సున్నంతో వేధశాలలు కట్టించారు.

వాటిలో ముఖ్యమైనది సమ్రాట్ యంత్రం, అనగా పెద్ద నీడగడియారం. జైపూరులో దాని ఎత్తు సుమారు 27 మీటర్లు. నడుమ ఉన్న త్రికోణపు గోడ వాలు అంచు సరిగ్గా ఉత్తర ధ్రువం వైపు చూడాలి. ఆ వాలు ఆ ఊరి అక్షాంశంతో సమానం కావాలి. అందుకే జైపూరులో వాలు 27 డిగ్రీలు, ఉజ్జయినిలో 23 పైచిలుకు. ఏ అక్షాంశం కోసం కట్టారో వ్రాసి లేకపోయినా, వాలు కొలిస్తే తెలిసిపోతుంది.

ఉత్తర దిక్కును పూర్వులు నీడతోనే తెలుసుకున్నారు. చదునైన నేలపై కర్ర నిలువుగా నాటి, చుట్టూ వృత్తం గీసేవారు. ఉదయం, మధ్యాహ్నం తరువాత నీడ కొన వృత్తాన్ని తాకిన రెండు చోట్లను కలిపితే తూర్పు పడమర గీత వస్తుంది. దానికి లంబంగా గీసినది ఉత్తర దక్షిణం.

తన లెక్కను ఇతరుల లెక్కతో సరిచూచుకోవాలని 1720ల చివర యేసు సభ గురువు ఫాదర్ ఫిగెరెదోను పోర్చుగల్‌కు పంపారు. అక్కడి నుండి వచ్చిన పట్టికలలో చంద్రుని స్థానం అర డిగ్రీ తేడాగా ఉందని కనుగొన్నారు. దూరం నుండి వచ్చినవని నమ్మలేదు, పరాయివని పారవేయనూ లేదు. మరల గురువులను పిలిపించారు. ఫాదర్ బూదియే, ఫాదర్ పోన్స్ 1734 జనవరి 6న, ముగ్గురు జ్ఞానుల పండుగ నాడే, చంద్రనగరు నుండి బయలుదేరి, దారిలోని ఊళ్ళ అక్షాంశాలు కొలుస్తూ జైపూరు చేరారు. తరువాత వచ్చిన ఫాదర్ గాబెల్స్‌పెర్గర్ 1741లో అక్కడే కన్నుమూశారు.

రాజుగారి యంత్రానికీ ఒక హద్దు ఉంది. సూర్యుడు చుక్క కాదు, బింబం. కనుక నీడ అంచు మసకబారుతుంది. పలకపై రెండు సెకన్ల గీతలున్నా కంటితో అంత నిక్కచ్చిగా చదవడం కష్టం. గోడను ఎంత పెంచినా ఆ మసక పోదు. 1743లో ఆయన మరణించారు.

మన తొర్రూరు అక్షాంశం సుమారు 17న్నర డిగ్రీలు. జైపూరు గడియారాన్ని ఉన్నదున్నట్లు ఇక్కడ నిలబెడితే అది తప్పే చెబుతుంది. తప్పు యంత్రానిది కాదు, నిలిపిన చోటుది. మన ఊరికి తగిన వాలుతో కట్టినా, నీడగడియారం చేతి గడియారం కంటే సగటున 11 నిమిషాలు వెనుకబడుతుంది. మన దేశపు గడియారాలు ఇక్కడికి తూర్పున ఉన్న 82న్నర డిగ్రీల రేఖను అనుసరిస్తాయి గనుక.

ఒక సెలవునాడు పిల్లలతో గుడి ఆవరణలో కర్ర నాటి చూడండి. ఇతరుల తప్పును కొలిచే ముందు మన కర్ర నిటారుగా ఉన్నదో లేదో చూచుకోవాలని అదే నేర్పుతుంది.