కర్షకుల కొఱకు గ్రంథము రచించిన ప్లినీ

సేద్యగాని యనుభవము వ్రాతలోనికి రానిచో ఆతనితోడనే మాసిపోవును. అట్టి యనుభవమును లోకమునకు భద్రపఱచిన ప్రాచీనులలో రోమను పండితుడు ప్లినీ ముఖ్యుడు.

ప్లినీ క్రీ. శ. 23వ సంవత్సర ప్రాంతమున ఉత్తర ఇటలీయందలి కోమో పట్టణమున జన్మించెను. యౌవనమున జర్మనీ సరిహద్దులలో ఆశ్వికదళాధికారిగా పనిచేసెను. పిమ్మట స్పెయిను దేశమున ప్రభుత్వ ఆదాయ వ్యయములను చూచెను. తుదకు మిసీనము రేవునందలి నౌకాదళమునకు అధిపతి యయ్యెను. రాచకార్యము లెన్ని యున్నను పఠనము మానలేదు. భోజనసమయమునను ఒకరు చదువుచుండగా విని, వలసిన విషయములను వ్రాసికొనెడివాడు. ఎంతటి యల్పగ్రంథమునందైనను గ్రహింపదగినది కొంత యుండునని ఆయన విశ్వాసము.

ఇట్లు రమారమి 2,000 గ్రంథములనుండి సేకరించిన విషయములతో 37 భాగముల 'ప్రకృతి చరిత్ర'ను రచించి, క్రీ. శ. 77లో రాజకుమారుడైన టైటసునకు అంకిత మొనర్చెను. అంకితము రాజకుమారునకైనను, గ్రంథము రైతులు, చేతిపనివారు మొదలగు సామాన్యుల కొఱకని పీఠికలో తెలిపెను.

అందు 18వ భాగము సేద్యమునకు సంబంధించినది. గోధుమ, యవలు, చిక్కుడు మొదలగు పైరులను, దుక్కి పద్ధతులను అందు వివరించెను. తెలుగు రైతు కార్తెలు చూచినట్లే, ఆనాటి రోమను రైతు కృత్తికలు మొదలగు నక్షత్రముల ఉదయాస్తమయములను బట్టి విత్తుకాలము నిర్ణయించుకొనెడివాడు. లూపిను అను పప్పుజాతి పైరును కాయ పట్టకమునుపే కలియదున్నినచో నేలకు సత్తువ కలుగునని మఱియొకచోట వ్రాసెను. బంటుమిల్లి ప్రాంతమున జీలుగు, పిల్లిపెసర కలియదున్ను రైతునకు ఇది క్రొత్తమాట కాదు.

ప్లినీ మనస్సును మిక్కిలి కలచినది భూస్వామ్యము. వేలకొలది యెకరములు కొందఱి వశమగుటచే ఇటలీ చెడినదనియు, ఆఫ్రికా రాష్ట్రమున సగము భూమి ఆరుగురి చేతిలో నుండెననియు వ్రాసెను. సంకెలలో నున్న బానిసలచే సాగుచేయించుట అన్నిటికంటె హీనమనియు, ఆశ యుడిగినవాని పని ఏదియు బాగుపడదనియు ఆయన యభిప్రాయము. పొలమునకు యజమాని కన్నే మంచి యెరువను పూర్వుల మాటను ఆయన ఆదరించెను.

భారతదేశపు సరకుల కొఱకు ఏటేట 5 కోట్ల సెస్టర్సు నాణెములకు తక్కువకాని ధనము తరలిపోవుచున్నదని కూడ ఆయన వగచెను. ఆ శతాబ్దపు గ్రీకు నౌకాయాన గ్రంథ మొకటి మసాలియా సీమ సన్నని వస్త్రములను పేర్కొన్నది. ఆ సీమ మచిలీపట్టణ ప్రాంతమని పండితులు తలతురు.

విన్నదెల్ల చేర్చుటచే ఆయన గ్రంథమున కట్టుకథలును కలవు. అయినను ఆయన పరిశ్రమ అసామాన్యము.

క్రీ. శ. 79లో వెసూవియసు అగ్నిపర్వతము బ్రద్దలయ్యెను. ఆ వింతను చూడబోవుచుండగా, ఆపన్నుల మొఱ చేరినది. వెంటనే నౌకలను వారి రక్షణకై నడిపించి, స్టేబియే తీరమున 56వ యేట ప్రాణములు విడిచెను.

ఆయన వ్రాసిన జర్మను యుద్ధముల చరిత్ర 20 భాగములును నశించినవి. ప్రకృతి చరిత్రను మాత్రము తరతరములవారు ప్రతులు వ్రాసి కాపాడిరి. చదువువారును, దాచువారును గలచోటనే గ్రంథము నిలుచును. గ్రంథాలయము చేయు సేవ ఇదియే.