పిల్లనగ్రోవి ప్రార్థన

శాస్త్రం చదవని పేదవాడి మొర భగవంతుణ్ని చేరుతుందా? 18వ శతాబ్దంలో తూర్పు ఐరోపాలోని సామాన్య యూదులను బాధించిన ప్రశ్న ఇది. 1648 నాటి మారణకాండ ఆ జాతిని కుంగదీసింది. గౌరవమంతా పండితులదే అయినచోట నిరక్షరాస్యులకు నిరాశే మిగిలింది. వారికి ఆశాదీపమైన మహనీయుడు ఇజ్రాయెల్ బెన్ ఎలియెజెర్. మంచి నామం కలవాడనే అర్థంలో ప్రజలు ఆయనను బాల్ షెం తోవ్ అని పిలుచుకున్నారు.

ఆయన 1698 ప్రాంతంలో, నేటి ఉక్రెయిన్‌లోని ఓకోపీ గ్రామంలో జన్మించారని సంప్రదాయం చెబుతుంది. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయారు. పిల్లలను బడికి తీసుకెళుతూ, ప్రార్థనా మందిరంలో ఊడిగం చేస్తూ పెరిగారు. వివాహానంతరం కార్పాతియన్ కొండల్లో మట్టి తవ్వి జీవిస్తూ, ఏకాంతంలో దైవచింతన చేశారు.

1740 ప్రాంతంలో ఆయన దక్షిణ బూగ్ నదీతీరాన ఉన్న మెజిబిజ్‌లో స్థిరపడ్డారు. అక్కడి యూదు సమాజం తమ ఉమ్మడి ఆస్తి అయిన ఇంటిని ఆయన నివాసానికిచ్చింది. దైవం లేని చోటు లేదనీ, దుఃఖం కన్నా ఆనందమే ఆరాధనకు అనువైనదనీ ఆయన బోధించారు.

ఆయన గురించి ఒక గాథ ప్రసిద్ధం. పాపక్షమాపణకై ఉపవసించే యోమ్ కిప్పూర్ పర్వదినాన ఒక కాపరి బాలుడు మందిరానికి వచ్చాడు. అతడికి అక్షరం రాదు. ప్రార్థించాలన్న తపనను ఆపుకోలేక పిల్లనగ్రోవి తీసి ఊదాడు. ఆనాడు వాద్యం మోగించడం నిషిద్ధం. అందరూ ఆగ్రహించారు. గురువు మాత్రం, అంతవరకు పైకి చేరలేక నిలిచిపోయిన తమ ప్రార్థనలన్నిటినీ ఆ నాదమే భగవంతుని సన్నిధికి చేర్చిందని సంతోషించారట.

యూదులకు ధర్మశాస్త్రం లభించిన దినంగా జరుపుకొనే షావూత్ పండుగ వేళ, 1760లో ఆయన మెజిబిజ్‌లోనే తనువు చాలించారు. స్వయంగా గ్రంథమేదీ రచించలేదు. శిష్యుడు యాకోవ్ యోసెఫ్ 1780లో ప్రచురించిన గ్రంథం గురుబోధలను లోకానికి అందించింది. ఆ బోధలే హసీదీ భక్తి ఉద్యమమై విస్తరించాయి.

1942లో నాజీలు మెజిబిజ్ యూదులను సామూహికంగా హతమార్చారు. శతాబ్దాలుగా ఏటి ఒడ్డున వర్ధిల్లిన ఆ సమాజం అంతరించింది. గురువు సమాధి మాత్రం నిలిచింది. దేశదేశాల భక్తులు అక్కడికి వచ్చి ప్రార్థిస్తారు. వారిలో పండితులూ ఉంటారు, పామరులూ ఉంటారు. ఆ ఇద్దరికీ ద్వారం ఒక్కటేనని చాటడానికే ఆయన జీవించారు.